మగ్గం గుంటలో వాన లెక్క

బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీ అడుగున పరిగెత్తే అక్షరాల్లో కనిపిస్తే చాలు, నాకు ఒక్కచోట కూర్చోబుద్ధి కాదు. కాలు కాలిన పిల్లిలా వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతుంటాను. ఫోన్లో ఒక దేశం వాళ్ళ వాతావరణ మోడల్ చూస్తాను, తర్వాత ఇంకో దేశం వాళ్ళది, మళ్ళీ మొదటిది. ఆరు గంటలకోసారి గానీ కొత్త లెక్క రాదు. మధ్యలో ఎన్నిసార్లు చూసినా అదే బొమ్మ. ఆ సంగతి తెలిసీ చూస్తాను, ఈలోగా పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. ఇది భయం అనుకుంటారు చూసినవాళ్ళు. రాజోలు పక్కన పుట్టి పెరిగినదాన్ని, తుఫాను నాకేం కొత్త? ఇది చదువు తెచ్చిన జబ్బు.

అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తాను. అంతకుముందు నాలుగేళ్ళు దూరపు నగరంలో వాతావరణ మోడళ్ళ మీద పనిచేశాను. ప్రాజెక్టు అయిపోయింది, ఇంటికొచ్చేశాను. అప్పట్నుంచి బండారులంకలో ఒక నేతగాళ్ళ ఇంటి మేడమీద అద్దెకుంటున్నాను. కింద ఉండేది ఇంటాయన, ఆయన భార్య. మాకూ వాళ్ళకీ కులం కలవదు, మతం కలవదు. అయినా మా వైపు అద్దెకు దిగిన రెండో నెలకే ఇంటాయన బాబాయిగారూ ఇంటావిడ పిన్నిగారూ అయిపోతారు. ఆదివారం నేను చర్చికి బయల్దేరితే, పిన్నిగారు మెట్ల దగ్గర ఆపి కుచ్చిళ్ళు సర్ది మరీ పంపిస్తారు.

వాళ్ళ ముందుగదిలో గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చుని నెయ్యాలి. తొక్కుడు చెక్కలు గుంటలో ఉంటాయి. పొద్దున్న ఏడింటికి మొదలైన చప్పుడు మధ్యాహ్నం భోజనానికి ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. మొదట్లో ఆ చప్పుడుకి తలనొప్పి వచ్చేది. తర్వాత్తర్వాత అది ఆగితేనే పేపర్లు దిద్దుతున్న చెయ్యి ఆగిపోయేది.

నా పాత ఉద్యోగం సంగతి నేనే గొప్పకి పోయి బయటపెట్టుకున్నాను. ఇంక అంతే. చేపలమ్మే ఆవిడ గంప దించకుండానే అడిగేది. "మేడమ్‌గారండీ, ఎల్లుండి పడవలు ఎళ్తాయాండి?" నేనేదో చెప్తే, అది నిజమైతే, ఆ వారం రొయ్యల్లో కొసరు పడేది. వీధిలో ఎవరైనా ఆకాశం వైపు చూస్తుంటే బాబాయిగారు అరుగు మీంచే అనేవారు. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలీదంటారు గానండి, మా మేడమ్‌గారికి ఒకటి తెలుసండి. రెండోది ఇంకా నేర్చుకుంటన్నారు." అందరూ నవ్వేవాళ్ళు. నేను కోపం నటించేదాన్ని గానీ, లోపల్లోపల బాగానే ఉండేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి అందరం మెట్ల మీద చేరినప్పుడు ఆయన నిజంగానే అడిగారు. "అసలా మిషనుకి ఎలా తెలుస్తుందండి, గాలి ఎటెళ్తుందో?"

చెప్పాను. ఆకాశాన్ని గళ్ళు గళ్ళుగా కోస్తామండి, ఒక్కో గడికి గాలి ఎంత, తేమ ఎంత, వేడి ఎంత అని ఒక్కో అంకె. ఏ గడి పక్కగడికి ఏమిస్తుందో లెక్కగట్టి, కొన్ని నిమిషాల తర్వాత ఎలా ఉంటుందో తేలుస్తాం. అక్కణ్ణించి ఇంకో కొన్ని నిమిషాలు. అలా మెట్టు మెట్టూ ఎక్కి మూడు రోజుల తర్వాతకి చేరతాం. మెట్టు మరీ పెద్దదైతే, గాలి ఒక్క మెట్టులో గడిని దాటి దూకేస్తే, లెక్క పేలిపోతుంది, తెరమీద పిచ్చి అంకెలు మిగులుతాయి. ఇక గడి లోపల ఏం జరుగుతుందో మోడల్‌కి కనపడనే కనపడదు.

ఆయన భుజం మీది తువ్వాలు అంచుని వేళ్ళతో తడిమి చూశారు. తర్వాత అన్నారు. "అంటే మీ గుడ్డకి పోగులు తక్కువన్నమాటండి. అంచులో నెమలి దింపాలంటే పోగులు దండిగా ఉండాలండి. పల్చనైపోయిందనుకోండి, నెమలి కాస్తా బాతైపోద్దండి."

నాలుగేళ్ళలో నాకింత బాగా ఎవరూ చెప్పలేదు. ఆ మాటని నా సొంత మాటలాగా క్లాసులో ఇప్పటికీ చెప్తున్నాను.

ఆ రోజు ఆయనకి చెప్పనిది ఇంకొకటుంది. గళ్ళు ఎన్ని అన్నదొక్కటే కాదు, ఒక గడిలో ఉన్నదాన్ని పక్కగడికి ఏ పద్ధతిలో మోస్తామన్నది కూడా ముఖ్యం. సన్నగా, పదునుగా ఉన్న ఒక వాన పట్టీ ఉందనుకుందాం. దాన్ని మెట్టు మెట్టుకీ జరపాలి. ఒక పద్ధతిలో లెక్క ఎప్పుడూ చెడదు, బుద్ధిమంతురాలు. కానీ మెట్టు మెట్టుకీ కాస్త కాస్త అటూ ఇటూ ఒలకబోస్తుంది. వంద మెట్లు ఎక్కేసరికి కుండపోత కాస్తా జిల్లా అంతా పరుచుకున్న చినుకులైపోతుంది. నీళ్ళు అన్నీ ఉంటాయి, పదునే ఉండదు. ఇంకో పద్ధతి పదును నిలబెడుతుంది, కానీ దాని ముందూ వెనకా లేనిపోని అలలు పుట్టిస్తుంది. కొన్నిచోట్ల వాన సున్నా కంటే తక్కువ వస్తుంది! ఆ మైనస్ వాన చూసి మేం పడీ పడీ నవ్వుకుని, తర్వాత దాన్ని సరిచేయడానికి వారాలు కూర్చునేవాళ్ళం. తుఫాను కన్ను చుట్టూ ఉండే గాలి గోడకీ ఇదే గతి. పద్ధతి మరీ మెత్తనిదైతే ఆ గోడ అరిగిపోయి, సముద్రంలో గర్జించే తుఫాను కాగితం మీద పిల్లికూన అవుతుంది. దారి మాత్రం దాదాపు సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే తుఫానుని తోసుకుపోయేవి చుట్టూ ఉన్న పెద్ద గాలులు. దారి నిజం, బలం అబద్ధం. నా నాలుగేళ్ళ చదువు సారమంతా ఆ రెండు మాటలే.

మొన్నటి కార్తీకంలో అల్పపీడనం వాయుగుండమై, వాయుగుండం తుఫానైంది. అప్పటికి కింద మగ్గం మీద నిలువు పోగుల పడుగు సగానికి వచ్చింది. ఎవరో పెళ్ళివాళ్ళు అడిగి నేయిస్తున్న చీర, ఇంకా కొంగు నెయ్యలేదు. అంతకుముందు ఏడాది వానకి నీళ్ళు ముందుగదిలోకొచ్చి గుంట గోడ ఒకవైపు జారింది. బాబాయిగారు నెలరోజులు పడి దాన్ని మళ్ళీ కట్టించుకున్నారు. వాళ్ళ పిల్లలు ఎప్పట్నుంచో చాలించమంటున్నారు. అప్పుడే ఆయన అందరి ముందూ అన్నారు. "ఇంకోసారి గుంట కూలిందా, పూడ్పించేస్తానండి. మళ్ళీ తవ్వించే ఓపిక నాకు లేదు."

గుంటని కాపాడుకునే దారి ఒకటుంది. మగ్గం విప్పేసి, గుంట నిండా ఇసక బస్తాలు పేర్చేస్తే, నీళ్ళొచ్చినా గోడలు నిలుస్తాయి. కానీ మగ్గం విప్పాలంటే పడుగు కొయ్యాలి. కోస్తే సగం నేసిన చీర ఒట్టి గుడ్డముక్క. తర్వాత మళ్ళీ నెయ్యాలంటే తెగిన ఒక్కో పోగుకి ఒక్కో కొత్త పోగు అతకాలి. ఇద్దరు మనుషులు రోజుల తరబడి కళ్ళు పొడుచుకోవాలి. ఆయన కళ్ళు అప్పటికే అంతంత మాత్రం.

తుఫానొస్తోంది, జాగ్రత్తపడమని మైకు ఆటో వీధుల్లో తిరిగింది. కాలేజీకి సెలవిచ్చారు. నాకు అదో శిక్ష, క్లాసుంటే కనీసం నోరు పనిలో ఉంటుంది. మధ్యాహ్నం వరండాలో తిరుగుతుంటే బాబాయిగారు మెట్లెక్కి వచ్చారు. ఆయన పైకి రావడం అరుదు, మోకాళ్ళ నొప్పులు. రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు.

"ఏమంటుందండి, మీ మిషను?"

"ఉత్తరంగా జరుగుతోంది బాబాయిగారూ. కాకినాడ అవతల తీరం దాటేలా ఉందండి."

"ఆయ్."

"గాలి మనకి పెద్దగా ఉండకపోవచ్చండి."

"ఆయ్."

"వాన సంగతి మాత్రం వేరండి. వాన ఎక్కడ ఎంత పడుతుందో మోడల్ అంత కచ్చితంగా..."

అప్పుడే ఫోన్లో కొత్త లెక్క దిగడం మొదలైంది. నా కళ్ళు అటు పోయాయి. బొమ్మ ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటోంది.

"అయితే కొయ్యక్కర్లేదంటారు," అన్నారాయన.

"ఆయ్," అన్నాను, తల ఎత్తకుండానే.

ఆయన దిగి వెళ్ళిపోయారు. నేను బొమ్మ చూస్తున్నాను. తుఫాను వెనక తోకలా ఒక వాన పట్టీ, సరిగ్గా మా మీదుగా. రంగు లేత ఆకుపచ్చ. మామూలు వాన అని అర్థం. కానీ ఆ మోడల్ ఏ పద్ధతిలో మోస్తుందో నాకు తెలుసు. అన్ని మెట్లు ఎక్కి వచ్చాక కూడా అక్కడ ఆకుపచ్చ మిగిలిందంటే, అసలు పట్టీ ఇంకా సన్నగా, ఇంకా చిక్కగా ఉండొచ్చు. ఉండకపోవచ్చు కూడా. కింద మగ్గం చప్పుడు మొదలైంది. ఆయనే ఒక నిర్ణయానికొచ్చారు కాబోలు అనుకున్నాను. కిందకి వెళ్ళి "ఆగండి, నా అనుమానం ఇదీ" అని చెప్పాలి. రెండు మెట్లు దిగాను కూడా. నాకే ఖాయంగా తెలీనిదానికి ఆయన చేత పడుగు కోయించడమా? రేపు వాన పడకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఇలా నాలో నేనే వాదించుకుని మళ్ళీ పైకొచ్చేశాను. సాయంత్రం దాకా వరండాలో తిరిగాను. కింద చప్పుడు ఆగలేదు, నేనూ ఆగలేదు.

తుఫాను చెప్పినచోటే, చెప్పినవేళకే తీరం దాటింది. మర్నాడు పొద్దున్న టీవీలో కోనసీమ ఊపిరి పీల్చుకుందన్నారు. ఆ మాట వింటుండగానే చినుకు మొదలైంది. పది నిమిషాల్లో ఎదురింటి గోడ కనపడటం మానేసింది. పి.గన్నవరంలో ఉన్న మా కాలేజీ ఆవిడకి ఫోన్ చేస్తే "ఇక్కడ ఒట్టి తుంపరండి, బట్టలు ఆరేసుకున్నాను" అంది. వాన పట్టీ అంత సన్నం. అది కదల్లేదు. మధ్యాహ్నానికి మురుక్కాలవ వీధి మీదకొచ్చింది, వీధి అరుగెక్కింది.

నేను దిగేసరికి పిన్నిగారు గడపకడ్డంగా గోనెలు తొక్కుతున్నారు. నీళ్ళు గోనెల కింద నుంచే వస్తున్నాయి. బకెట్లు, బిందె, చివరికి అన్నం గిన్నె కూడా పట్టి ముగ్గురం గుంటలోంచి తోడాం. ఎంత తోడితే అంత. బాబాయిగారు గుంటలోనే నిలబడ్డారు, నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. పడుగు తడవకుండా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నారు. "కోసెయ్యండి, మగ్గమన్నా దక్కుద్ది," అని పిన్నిగారు అరిచారు. ఆయన కదల్లేదు. మళ్ళీ అరిచారు. అప్పుడు గోడ జారింది. పెద్ద చప్పుడేం లేదు, తడిసిన మట్టి నీళ్ళలో కూర్చుంది, అంతే. దాంతో మగ్గం ఒకపక్కకి ఒరిగింది. పిన్నిగారు కత్తెర తెచ్చి, ఆయన రెండు చేతుల మధ్య నుంచి పడుగు కోసేశారు. ఆవిడ ఏడుస్తూ కోస్తున్నారు. ఆయన చేతులు మాత్రం ఇంకా పైకే ఉన్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేకపోయినా.

రెండో రోజు ఎండొచ్చింది. బురద ఎత్తిపోస్తూ పిన్నిగారు మామూలుగానే అన్నారు. నిష్ఠూరం లేదు, ఎత్తిపొడుపు లేదు. "ముందు రోజు నేను కోసేద్దామన్నానండి. 'మేడమ్‌గారు ఆయ్ అన్నారే, కొయ్యక్కర్లేదన్నారే' అన్నారండి ఆయన."

నా చేతిలో చీపురు ఆగిపోయింది. నేను అవునని అనలేదు పిన్నిగారూ, వింటున్నానని అన్నాను, అని నోటిదాకా వచ్చింది. ఎంత సిగ్గులేని మాట! మా గోదావరి వాళ్ళకి ఆయ్ అంటే అవును. ఆయ్ అంటే వింటున్నాను. ఆయ్ అంటే మీరు చెప్పండి, నేను తర్వాత ఆలోచించుకుంటాను. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఊరికే నిలబడటం మర్యాద కాదు కాబట్టి పలికేది కూడా ఆయ్. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఏది ఏదో గొంతుని బట్టి తెలిసిపోతూనే ఉంది. ఆ ఒక్క మధ్యాహ్నం తెలియలేదు. నాకు నా మీద కోపం వచ్చింది, ఫోన్ మీద వచ్చింది, అలాంటి మాట పెట్టుకున్న మా జిల్లా మొత్తం మీద వచ్చింది. ఆయన మీదా వచ్చిందంటే నమ్మండి. వాన సంగతి వేరండి అన్నానా లేదా? అది ఎందుకు వినలేదు?

ఆ వారం క్లాసులో లెక్కల్లో వచ్చే తప్పుల పాఠం. అంకెలు కుదించడం వల్ల వచ్చే తప్పు, మెట్టు పెద్దదవడం వల్ల వచ్చే తప్పు, బోర్డు మీద రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయాను. నాకు ఒంట్లో బాగోలేదేమో అనుకుని పిల్లలు మంచినీళ్ళు తెచ్చారు. నిద్ర పట్టడం మానేసింది. పైన ఉండలేను, కిందకి పోలేను. మగ్గం చప్పుడు లేని ఇంట్లో నా అడుగుల చప్పుడు నాకే పెద్దగా వినపడేది. ఇల్లు మారిపోదామని కొత్తపేటలో ఒక వాటా చూసొచ్చాను. అడ్వాన్సు ఇవ్వకుండానే తిరిగొచ్చాను.

తర్వాతి సోమవారం పొద్దున్నే కంకర, గ్రావెలు వేసుకుని ట్రాక్టరు వచ్చి ఇంటి ముందు ఆగింది. బాబాయిగారు అరుగు మీద, విప్పేసిన మగ్గం చెక్కల పక్కన కూర్చుని ఉన్నారు. ఇక ఆగలేకపోయాను. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"బాబాయిగారూ, తప్పు నాదండి. ఆ రోజు నేను ఆయ్ అన్నది మీ మాటకి కాదు. ఫోన్ చూస్తూ అనేశాను. వాన పడొచ్చని నాకు అనుమానం ఉందండి. దిగొచ్చి చెప్పలేదు. నన్ను నాలుగు తిట్టండి."

ఆయన నా వైపు చూడలేదు. ట్రాక్టరు వెనక తలుపు విప్పుతున్న మనిషిని చూస్తూ మాట్లాడారు.

"మీరు కొయ్యమంటే కోసేవాణ్ణనుకుంటన్నారాండి? మైకులో చెప్పేరండి. టీవీలో చెప్పేరు. మా ఆవిడ పొద్దుట్నుంచీ చెవులో జోరీగలా పోరిందండి. అందరూ కొయ్యమన్నవాళ్ళేనండి. వద్దనే మనిషి ఒక్కరన్నా దొరక్కపోతారా అని మెట్లెక్కేనండి."

"నేను వద్దనలేదు కదండీ."

"అనలేదండి. అవుననీ అనలేదు. నాకు తెలుసండి." అప్పుడు నా వైపు తిరిగారు. ఓదారుస్తున్నట్టే, మెచ్చుకుంటున్నట్టే అన్నారు. "మీరు మెత్తని మనిషండి. ఏదీ గట్టిగా చెప్పరు. అందుకే మీ దగ్గరకొచ్చేనండి."

నా మీంచి బరువు దింపుదామనే ఆయన ఆ మాట అన్నది. ఇంకొకరెవరైనా అయితే ఊపిరి పీల్చుకునేవారేమో. నాకు ఒళ్ళంతా మండినట్టైంది. నేను ఏం చెప్పానో ఏం చెప్పలేదో మొత్తం తెలిసే ఆయన వచ్చారు. అంతమందిలో వెతికి వెతికి, పదును లేని నోరు ఎక్కడుందో చూసుకుని మరీ వచ్చారు. ఆరు గంటలకోసారి నాకు నచ్చిన బొమ్మ దొరికేదాకా ఈ మోడల్ నుంచి ఆ మోడల్‌కి తిరిగే నేను ఆయన్ని ఏమనగలను? మళ్ళీ క్షమించమందామని నోరు తెరిచాను.

ట్రాక్టరు మనిషి గడప దగ్గరికొచ్చి అడిగాడు. "పోసెయ్యమంటారాండి, ఇంకేవన్నా తీసుకునేవి ఉన్నాయాండి గుంటలో?"

ఆయన లేచారు. లోపలికెళ్ళి గుంట గట్టు మీద కూర్చుని, రోజూ కూర్చున్నట్టే కాళ్ళు లోపలికి దించారు. అడుగున తొక్కుడు చెక్కలు లేవు, ఎండిన బురద ఉంది. ఒక్క క్షణం పాదాలు దాని మీద ఆన్చి ఉంచారు. పిన్నిగారు వంటింటి గుమ్మంలో ఆగిపోయారు. నేను వెళ్ళి చెయ్యి అందించాను. దాన్ని పట్టుకుని ఆయన పైకి లేచారు, పంచె దులుపుకున్నారు.

"ఏం లేవు," అన్నారు, వీధి చివరకి వినపడేంత గట్టిగా. "పొయ్యండి."